పెరటిగోడ మీద అవకలజం

నేను ఒక డస్టర్ని. రామచంద్రపురంలో ఓ వడ్రంగి, తలుపు చెయ్యగా మిగిలిన టేకుముక్కకి కంబళి పీలిక అంటించి నన్ను తయారుచేశాడు. మనుషులు కష్టపడి రాసిందాన్ని చెరపడానికి మళ్లీ వాళ్లే నన్ను కొనుక్కోవడం చూసి మొదట్లో నవ్వొచ్చేది.

ఇరవై తొమ్మిదేళ్లు జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్ వీరభద్రం గారి చేతిలో ఉన్నాను. అవకలజం, అదే ఇంగ్లీషులో డెరివేటివ్, ఆ పాఠమంటే ఆయనకి ప్రాణం. సూత్రం బట్టీపట్టి "ఎక్స్ స్క్వేర్‌కి టూ ఎక్స్" అని రాసేసినవాళ్లకి మార్కులు వేసేవారు కాదు. అవధి, అంటే లిమిట్, దాని నిర్వచనం నుంచే రావాలి. ఎక్స్‌కి హెచ్ అనే చిన్న తేడా కలపాలి, దాంతో స్క్వేర్ ఎంత పెరిగిందో దాన్ని ఆ హెచ్‌తో భాగించాలి, పైనా కిందా హెచ్ కొట్టేశాకే దాన్ని సున్నాకి పోనివ్వాలి. ముందే సున్నా పెడితే సున్నా బై సున్నా వచ్చి లెక్క అక్కడే చచ్చి ఊరుకుంటుంది. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఈ లెక్కలో తొందరే విషం.

రిటైరైన నాలుగో ఏడు ఆయనకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. బుర్రలోంచి ఊళ్లో దారులు పోయాయి, మనుషులు పోయారు, క్లాసు మాత్రం పోలేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెరటిగోడకి నల్లరంగు వేయించుకున్న చోట నిలబడేవారు. లెక్క తెమిలితేనే భోజనం. అది తెమిలేది కాదు. మొదటి వరసలోనే హెచ్‌ని సున్నా చేసేసేవారు. నాచేత చెరిపించి మళ్లీ అదే రాసేవారు.

"రెండు ముద్దలు తినండి, మీకు పుణ్యముంటుంది," అని భార్య మంగతాయారమ్మ బతిమాలేది.

"క్లాసు మధ్యలో భోజనమేంటి? పిల్లలు కూర్చుని ఉంటే!" అని కసిరేవారు.

మనిషి చిక్కి శల్యమైపోయారు. ఆవిడ నూతిగట్టు చాటున ఏడవడం నేను చూశాను. నాకూ ఏడుపొచ్చింది. చెక్కముక్కని, ఏం చెయ్యగలను?

ఆవిడ చదువు ఐదో తరగతి. ఓ రోజు ఆయన పాత నోట్సు బయటికి తీసింది. మధ్యాహ్నాలు వంటింటి గచ్చు మీద ముగ్గుపిండితో ఆ లెక్క దించడం మొదలెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా, చుక్కల ముగ్గు నేర్చినట్టే వాటి వంపులు పట్టేసింది. ఇరవై రోజులు పట్టింది.

ఆ మర్నాడు ఆయన ఎప్పట్లాగే సున్నా బై సున్నా దగ్గర ఆగిపోయారు. ఆవిడ నన్ను తీసుకుని ఆ వరస చెరిపింది. బ్రాకెట్టు విడదీసిన వరస రాసి, హెచ్‌ని పైనా కిందా కొట్టేసింది. మిగిలిన హెచ్‌ని సున్నాకి పోనిచ్చి, కింద టూ ఎక్స్ అని రాసి పక్కకి తప్పుకుంది.

ఆయన ఒక్కొక్క వరసా వేలుపెట్టి చూసుకున్నారు. ఎన్నాళ్లకో ఆ మొహం విప్పారింది.

"భేష్! ఇంతమందిలో నీకొక్కదానికే అర్థమైందమ్మా. ఏ సెక్షను నువ్వు? పేరేంటి?"

నలభై రెండేళ్ల కాపురం వాళ్లది. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"మంగతాయారండి, మాస్టారూ," అంది. "క్లాసైపోయిందండి. భోజనానికి రండి."

ఆయన సంతోషంగా చేతులు కడుక్కున్నారు. గోడ మీద ఆవిడ రాసిన లెక్క అలాగే ఉంది. రేపు పొద్దున్న దాన్ని చెరపాల్సింది నేనే.