కుదురుకున్నాడనుకున్నారు

బడి వదలగానే తల్లి ఆ పిల్లవాణ్ణి తిన్నగా బేకరీకి తీసుకొచ్చేది. వెనకగదిలో పిండి బస్తాల పక్కన వాడికొక చోటుంది. తండ్రి అక్కడే బ్రెడ్డు కాల్చేవాడు. బాగా ఎర్రగా కాలిన అంచులు కోసి చేతికిస్తే, ఒక్కొక్కటీ వాసన చూసి కరకరమని తినేవాడు. ఆ అంచులూ, గ్లాసుడు పాలూ తప్ప వాడు పెద్దగా ఏదీ ముట్టడు. మాటలు లేవు. పిలిస్తే పలకడు. ఆటిజమని డాక్టర్లు చెప్పి చాలా కాలమైంది.

ఇలా సాగిపోతుంటే చెడు ఎక్కణ్ణుంచి వచ్చిందని మీరు అడగవచ్చు. ఇలాంటి పిల్లవాడున్న ఇంటికి సలహాలు పిలవకుండానే వస్తాయి. పక్కింటావిడ ఒకటంటుంది, బస్సులో కనిపించినాయన మరొకటంటాడు. అందరూ మంచి మనసుతోనే చెబుతారు. తేడా వస్తే మాత్రం ఒక్కరూ పక్కన నిలబడరు.

ఈసారి సలహా ఇచ్చింది తల్లికి సొంత అక్కే. ఫోనులో ఒక వీడియో చూపించింది.

"గోధుమలూ పాలే వీళ్ళకి విషమటే. అవి మాన్పించాక ఈ పిల్లాడు ఎలా గలగలా మాట్లాడేస్తున్నాడో చూడు."

"మావాడు తినేదే ఆ రెండూ అక్కా. అవీ తీసేస్తే ఏం తింటాడు?"

"ఆకలేస్తే వాడే తింటాడు. మొదట్లో ఏడుస్తారట. మనం కరిగిపోకూడదట. ఆ ఏడుపు ఒంట్లో విషం దిగిపోతోందనడానికి గుర్తట."

తల్లి ఆ మాట భర్తతో చెప్పింది. ఆయన పిండి అంటిన తన చేతుల వైపు చూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఆ విషం నా చేత్తో నేనే పెట్టానంటావా?" అన్నాడు.

ఆ అనుమానం వచ్చాక ఇక ఆలోచన సాగలేదు. డాక్టర్ని ఒక మాట అడుగుదామనుకున్నారు గానీ, వద్దంటారేమోనని అడగలేదు. కొడుకు నోట ఒక్కసారి అమ్మా అని వినాలన్న ఆశ వాళ్ళది.

పిల్లవాణ్ణి బేకరీకి తీసుకురావడం మానేశారు. పిండి వాసన తగలకుండా తండ్రి స్నానం చేసి, బట్టలు మార్చుకుని గానీ వాడి దగ్గరికి వెళ్ళేవాడు కాదు. ఉడికించిన కూరగాయలూ, పండ్ల ముక్కలూ పెడితే వాడు కంచం తోసేశాడు. ఏడ్చాడు. గోడకు తల కొట్టుకున్నాడు. తల్లి పక్కగదిలో తలుపు వేసుకుని తనూ ఏడ్చింది కానీ కరగలేదు.

కొన్నాళ్ళకు ఆ ఏడుపు ఆగింది. వాడు కిటికీ దగ్గర కదలకుండా కూర్చోవడం మొదలుపెట్టాడు. అరుపుల్లేవు, అల్లరి లేదు.

"కుదురుకున్నాడక్కా!" అని తల్లి ఫోనులో సంబరపడిపోయింది. తండ్రికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఒకరోజు బళ్ళో మెట్లెక్కుతూ పిల్లవాడు కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో, వాణ్ణి ముందు నుంచీ చూస్తున్న డాక్టరమ్మ వాడి సన్నబడ్డ చేతిని పట్టుకుని జరిగిందంతా విన్నది.

"కుదురుకోలేదమ్మా. ఏడవడానికి ఓపిక లేక ఊరుకున్నాడు," అంది.

గోధుమలూ పాలూ విషమని విన్నామని తల్లి చెప్పబోతే డాక్టరమ్మ ఆపింది.

"గోధుమలు పడని పిల్లలూ ఉంటారు. అది పరీక్ష చేసి తెలుసుకుంటాం. ఒకటి మాన్పించాల్సి వస్తే, దాని బదులు ఇంకొకటి ముందే అలవాటు చేస్తాం. కానీ ఇవి మానేస్తే ఆటిజం పోతుందనడానికి గట్టి ఆధారం లేదు. నన్నొక్క మాట అడగాల్సింది."

"మీరు వద్దంటారని..." అన్నాడు తండ్రి.

సెలైనుతో పిల్లవాడు తేరుకున్నాడు. తండ్రి పరుగున వెళ్ళి తాజా బ్రెడ్డు తెచ్చి, అంచు కోసి ఇచ్చాడు. వాడు వాసన చూసి పక్కన పెట్టేశాడు. మర్నాడూ అంతే. ఒకసారి వదిలేసిన తిండికి మళ్ళీ అలవాటు పడడం కొందరు పిల్లలకు చాలా కష్టమని, ఓపిక పట్టమని డాక్టరమ్మ చెప్పింది. చెంచాతో పడితే కొంచెం కొంచెంగా పాలు మాత్రం తాగుతున్నాడు.

"వాడికి మాటలు రావాలనే చేశామండీ," అంది తల్లి, చెంచా పట్టుకుని. "కంచం తోసి, ఏడ్చి, వాడు చెప్పాల్సిందంతా చెప్పాడు. మేమే వినలేదు."

ఆ తల్లిదండ్రుల్ని తిట్టడానికి నాకు మనసు రాదు. అంత ఆశ ఉన్నచోట ఎవరైనా అలాగే మోసపోతారు. అందుకే చెబుతున్నాను: పిల్లవాడి కంచంలోంచి ఏదైనా తీసేసే ముందు తెలిసిన వైద్యుణ్ణి అడగండి; అంతకన్నా ముందు, మాటలు లేకుండానే వాడు చెబుతున్నది వినండి.