తలుపు పక్క మేకు

కుట్టు గదికి కొత్త సున్నం వేసిన రోజున అందరూ మురిసిపోయారు. కాజాలక్క కూర్చునే కిటికీ దగ్గరకు ఇస్త్రీ బల్ల జరిపారు. తలుపు పక్కనున్న పాత మేకును యజమానురాలు పీకించేసింది. "గోడంతా ఇంత అందంగా ఉంటే ఇదేమిటి, ముక్కు మీద మొటిమలాగా!" అంది. అందరూ నవ్వారు. కాజాలక్క కూడా నవ్వింది.

చొక్కాలకు కాజాలు కుట్టీ కుట్టీ ఆమె అసలు పేరు ఆమెకే మరుపొచ్చింది. ఆ గదిలో అడుగుపెట్టినప్పుడు నిండు యౌవనం. యజమానురాలి మామగారు, పెద్ద మాస్టారు, మెడలో టేపు, చెవి మీద పెన్సిలుతో తిరిగే కాలమది. తలచుకుంటే ఇప్పటికీ తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె చుయ్యిమన్నట్టే ఉంటుంది. ఆయన గదిలో ఒకటే కట్టుబాటు. ఎవరిద్దరి గొంతులు లేచినా చాలు, ఆ ఇద్దరూ వెళ్ళి కత్తెరలు ఆ మేకుకు తగిలించి రావాలి. తరవాత ఎంతసేపు తిట్టుకున్నా ఆయన అడ్డం రాడు.

"మేమేమన్నా హంతకులమా మాస్టారూ?" అని ఆమె ఒకసారి మూతి ముడిచింది.

"నేనే అవుతానేమోనని నా భయమమ్మా," అన్నాడాయన, తన కత్తెరా తగిలిస్తూ.

ఆ మెత్తని మనిషి నోట ఆ మాట విని గదంతా గొల్లుమంది. ఆ రోజుల్లో ఎంత కోపమైనా మేకు దాకా నడిచేసరికి సగం దారిలోనే జారిపోయేది.

ఇప్పుడా మేకు లేదు. మాస్టారి కాలం నుంచీ అక్కడే మిషను కుట్టే కాజాలక్క వదినకు నోరు పదును. ఓ రోజు యజమానురాలు వింటుండగానే చొక్కా ఎత్తి చూపింది.

"చూశారా, ఎలుకలు కొరికినట్టున్నాయి కాజాలు! కళ్ళు కనిపించట్లేదని ఒప్పుకుని ఇంట్లో కూర్చోవచ్చుగా అమ్మాయ్?"

"ముందు నీ కాలరు వంకర చూసుకో వదినా."

"నా వంకర నాకు కనిపిస్తుంది. నీకు దారమే కనిపించదు. పొద్దున సూదిలోకి ఎక్కించింది ఎవరూ?"

యజమానురాలు కాజా మీద వేలు పెట్టి చూసింది. చొక్కాను పక్కన పడేసింది. తనను పనిలోంచి తీసేస్తారనే అనిపించింది కాజాలక్కకు. ఈ గది తప్ప ఆమెకు వేరే బతుకు తెలియదు. దిగ్గున లేచింది. చేతిలో కత్తెర వదిన మెడ వైపు లేచిందని ఆమెకే తెలియలేదు. చీమకైనా దారిచ్చే మనిషని పేరుపడ్డ కాజాలక్క!

వదిన మొహం పాలిపోయింది. "అమ్మాయ్... మేకు!" అంది.

ఆ మాటకు కాళ్ళు తమంతట తామే తలుపు వైపు నడిచాయి. చెయ్యి గోడ మీద మేకు వెతికింది. కత్తెర ఠంగుమని నేల మీద పడింది. కాజాలక్క అక్కడే కూలబడి, తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

వదిన వచ్చి పక్కన కూర్చుంది. "నా నోటిని తగిలించడానికీ ఒక మేకు ఉంటే బాగుండేదే," అంది.

యజమానురాలు సుత్తి తెచ్చింది. "ఎక్కడుండేదక్కా అది?" అని అడిగి, కొత్త సున్నం పెచ్చులూడుతున్నా మేకు దిగగొట్టింది. మొదట తన కత్తెరే తగిలించింది. తరవాత ఇస్త్రీ బల్లను పక్కకు లాగి, "నీ వెలుతురుకు నేనే అడ్డం పెట్టాను. నీ చోట నువ్వు కూర్చో," అంది.

కాజాలక్క కళ్ళొత్తుకుంది. "మాస్టారు మమ్మల్ని నమ్మక ఆ మేకు కొట్టారనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. మృగం అందరిలోనూ ఉంటుంది, నాలోనూ ఉంది. దాన్ని ఒంటరిగా కట్టెయ్యడం ఎవరి తరమూ కాదు. నలుగురం కలిసి ఒక కట్టుబాటు పెట్టుకుని, నవ్వుతూనే ఆ కట్టుబాటును చేతులకు అలవాటు చేసుకుంటేనే, సాయంత్రానికి మనుషులుగా ఇళ్ళకు చేరతాం."