మాన్యువల్‌లో ఉన్న అడ్రస్

కనాటా అనే ఊళ్లో, పిజ్జా కొట్టు పైన ఉంది మా కాలేజీ. మన దేశం నుంచి విద్యార్థులు వెల్లువలా వచ్చిపడుతున్న ఆ రోజుల్లో, తలుపున్న గదికల్లా కాలేజీ అని పేరు పెట్టారు. మా ఆవిడ సరోజ పోయాక ఇంట్లో కూర్చోలేక అందులో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. ఆ గదిలో హీటరు బాగా పనిచేసేది. అదొక్కటే పనిచేసేది.

చిప్‌లకి ప్రోగ్రాం రాసే పాఠం చెప్పేది కోదండరామ్. స్లైడు చదవడమే బోధన అనుకునే మనిషి.

ఆఖరి పరీక్ష చిన్నదే. చిప్ మెమరీలో ప్రతి గదికీ ఒక అడ్రస్ ఉంటుంది. ప్రోగ్రాంలో ఆ అడ్రస్ చెప్పి, ఒక విలువను నేరుగా ఆ గదిలో రాయాలి. సరైన గదిలో పడితే, చిప్ బిగించిన బోర్డు మీద చిన్న దీపం వెలుగుతుంది. కాలేజీవాళ్లు చవగ్గా కొత్త బోర్డులు కొన్నారు, మాన్యువల్ మాత్రం పాతదే. అందులోని అడ్రస్‌లో రాస్తే దీపం వెలగదు సరికదా, బోర్డు బిగుసుకుపోతుంది.

కోదండరామ్‌కి చెప్పాను.

"మాన్యువల్ అప్రూవ్ అయిపోయింది విశ్వనాథం గారూ. వెలక్కపోతే బోర్డు ఫాల్టు అని రాస్తా. అడ్రస్ మ్యాచయితే పాస్."

"అన్ని బోర్డులకీ ఫాల్టేనా?"

"చైనా సరుకండీ."

వాసవి ఒక్కతే చిప్ కంపెనీ పత్రం చదివి సరైన అడ్రస్ రాసింది. దీపం వెలిగింది. కోదండరామ్ దీపం వైపు చూడనేలేదు. తెర మీది అడ్రస్ చూశాడు, మాన్యువల్ చూశాడు.

"మ్యాచ్ కాలేదమ్మా. ఫెయిల్. లంచ్ తర్వాత ఇంకో ఛాన్స్ ఇస్తా."

ఈ కోర్సు తప్పితే ఆ పిల్లకి వర్క్ పర్మిట్‌కి అప్లై చేసే దారి లేదు. నా దగ్గరికి వచ్చి కూర్చుంది. టీ ఇచ్చాను.

"ఆయన అడ్రస్సే రాసెయ్యనా అంకుల్?"

"రాస్తే పాసవుతావు."

"అంటే, దీపం ఆర్పుకుని పాసవ్వాలన్నమాట." కాసేపు టీ ఊదుకుంది. "ఆయన అడ్రస్ కామెంట్‌లో పెడితే?"

ప్రోగ్రాంలో ఒక వరస ముందు రెండు ఏటవాలు గీతలు గీస్తే, అది మనుషుల కోసం రాసుకున్న మాట. యంత్రం దాన్ని పట్టించుకోదు.

"కింద సరైన అడ్రస్ ఉన్న అసలు లైను కనబడదా తల్లీ?"

"ఆయన తనకి కావాల్సింది కనబడగానే ఆగిపోతారంకుల్. టర్మంతా చూశా కదా."

లంచ్ తర్వాత కోదండరామ్ వచ్చాడు. గీతల వెనకున్న అడ్రస్ మీద వేలు పెట్టి మాన్యువల్‌తో పోల్చుకున్నాడు. యంత్రం చదవని ఆ ఒక్క వరసే చదివి, పాస్ అని టిక్కు పెట్టాడు. అప్పుడు దీపం కంటబడింది.

"చూశారా విశ్వనాథం గారూ? మాన్యువల్ తప్పన్నారు."

వాసవి కళ్లు దించుకుని అడిగింది. "నా ప్రోగ్రాం అందరికీ పంపించనా సార్?"

"పంపించు. ఫాలో అవ్వడం అంటే ఏమిటో నేర్చుకుంటారు."

వాట్సాప్‌లో పంపింది. బల్లల వెంట దీపాలు ఒకటొకటే వెలిగాయి. కోదండరామ్ వాటి మధ్య నిలబడి, నాచేతే ఫొటో తీయించుకున్నాడు.