ఇంకొకాయన ఇంకా తగ్గాడట

మా ఆయన వృత్తిలో మనిషికి పేరు కన్నా ముందు రేటు ఉంటుంది. రోజుకి ఇంత అని ఒక అంకె. పక్కన ఇంకేమీ పెట్టరు, అంకె ఒక్కటే. కంపెనీల పాత డేటాని ఒక్క ముక్క పోకుండా కొత్త సిస్టమ్‌లోకి మార్చే పని ఆయనది. ఉద్యోగం కాదు, కాంట్రాక్టు. పని ఉన్న రోజుకి డబ్బు, లేని రోజుకి దండం. "అయితే నేను చేసుకున్నది రోజు కూలీనన్నమాట" అని కొత్తలో ఏడిపిస్తే, "కూలీనే, కానీ ఐదొందల యాభై పౌన్ల కూలీ" అని కాలరు ఎగరేసేవాడు.

ఆ ఐదొందల యాభై మంచి రోజుల మాట. ఒక కాంట్రాక్టు పూర్తి కాకముందే ఇంకోటి వచ్చి గుమ్మంలో నిలబడేది. తర్వాత మార్కెట్ ముసుగు తన్ని పడుకుంది. మా ఆయన ఇంట్లో కూర్చుని ఎనిమిది నెలలు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్నాం కనుక, నా ఫిజియోథెరపీ క్లినిక్ నడుస్తోంది కనుక, తిండికి లోటు లేదు. నా బెంగ డబ్బు గురించి కాదు, మనిషి గురించి. ఇదివరకు ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ కంప్యూటర్ ఎందుకు మొరాయిస్తోందో అడక్కుండానే చెప్పి, అక్కడే చొక్కా చేతులు మడిచేవాడు. ఇప్పుడు అడిగినా "నాకేం తెలుసు, ఈమధ్య అన్నీ కొత్తవి వచ్చాయి" అంటున్నాడు. కాఫీ కావాలంటే "నీకు ఇబ్బంది లేకపోతే" అంటున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట ఆ నోట వినలేదు. విన్న రోజు నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక గిన్నెల మీద చూపించాను.

ఇది చాలదన్నట్టు మా తమ్ముడు కూడా పెట్టె సర్దుకుని వచ్చాడు. వాడిదీ అదే పని. చదువై ఖాళీగా తిరుగుతుంటే మా ఆయనే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. వాడి కాంట్రాక్టు అయిపోయింది, అద్దె ఎందుకు దండగని ఇల్లు ఖాళీ చేసి మా చిన్న గదిలో దిగాడు. ఇంట్లో ఇద్దరు డేటా మనుషులు, ఇద్దరికీ పని లేదు. నా ఇస్త్రీ పెట్టెకి మాత్రం పని పెరిగింది. వీడియో ఇంటర్వ్యూ అంటే నడుము పైన ఇస్త్రీ చొక్కా, కింద ఇంట్లో వేసుకునే పైజామా.

వీళ్ళ వృత్తిలో ఒక ఆచారం ఉంది. పక్కవాడి రేటు అడక్కూడదు, నీ రేటు చెప్పకూడదు. ఆడవాళ్ళ వయసు అడక్కూడదంటారే, అంతకన్నా గట్టి నియమం. మా తమ్ముడికి మొదటి రోజు మా ఆయన నేర్పిన పాఠం కూడా ఇదే. అందుకే ఒకే బల్ల మీద అన్నం తింటారు, ఒకే టవల్ కోసం కొట్టుకుంటారు కానీ, పనులు ఇప్పించే ఏజెంటు ఫోన్ వస్తే మాత్రం ఒకడు బాల్కనీలోకి, ఇంకొకడు చిన్న గదిలోకి. మధ్యలో వంటింట్లో నేను. బాల్కనీ వైపు కిటికీ, గది వైపు అట్టముక్కంత పల్చటి గోడ. నాకు వినాలని లేదు. చెవులు మూసుకుని ఉల్లిపాయలు తరగడం నాకు చేతకాదు.

ఆ శనివారం పొద్దున మా ఆయన బాల్కనీలో ఉన్నాడు. "నాలుగొందలు కూడా ఎక్కువేనా? ఎవరో ఇంకొకాయన తగ్గాడంటారు... సరే, మూడొందల ఎనభై చేసుకోండి."

ఫోన్ పెట్టేసి లోపలికి వచ్చి, నా వైపు చూడకుండా మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. కాసేపటికి గోడ అవతల మా తమ్ముడి గొంతు.

"అదేంటి సార్, నిన్న ఒప్పుకున్నారుగా? ఇంకొకాయన తగ్గాడా... అయితే నాది మూడొందల అరవై రాసుకోండి."

నేను పట్టించుకోలేదు. ఏజెంట్లందరూ ఒకటే పాట పాడతారు అనుకున్నాను. కానీ మా ఆయన ఫోన్ మళ్ళీ మోగింది. మూడొందల నలభై ఐదు. మళ్ళీ చిన్న గది. మూడొందల నలభై. ఇటు ఒక మెట్టు, అటు ఒక మెట్టు. బాల్కనీలోంచి "బీమా కంపెనీ అన్నారు కదా" అని వినపడింది. గదిలోంచి "బీమావాళ్ళ పాత డేటా అంటే నాకు కొట్టిన పిండి సార్" అని వినపడింది. నా చేతిలో కత్తి ఆగింది.

ఏజెంటు క్లయింటు పేరు ముందే చెప్పడు, అది వాళ్ళ జాగ్రత్త. వీళ్ళు రేటు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోరు, ఇది వీళ్ళ మర్యాద. ఈ జాగ్రత్తకీ ఆ మర్యాదకీ మధ్య మా ఇంట్లో పిల్లుల తగవు కోతి తీరుస్తోంది. రొట్టె సగం అయిపోయింది కూడా.

చెప్పాలా వద్దా అని కూర మాడేంతసేపు ఆలోచించాను. ఉన్నది ఒకే పని. ఇద్దరూ నావాళ్ళే. అబద్ధం ఎందుకు, నా మనసు మా ఆయన వైపే మొగ్గింది. తమ్ముడు చిన్నవాడు, ఇవాళ కాకపోతే రేపు దొరుకుతుంది. ఈయనకి ఇది కూడా పోతే తనకి పని వచ్చన్న సంగతే మర్చిపోతాడు. మాట్లాడకుండా ఊరుకుంటే ఇంకో రెండు మెట్లు దిగి పని తెచ్చుకుంటాడేమో. కానీ ఆ రేటుకి వెళ్ళిన మనిషి సాయంత్రం ఏ మొహంతో ఇంటికొస్తాడు? స్టవ్ ఆపి ఇద్దర్నీ బల్ల దగ్గరికి పిలిచాను.

"ఆ ఇంకొకాయన ఎవరో తెలిసింది" అన్నాను. "ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు, చూసుకోండి."

అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. మా తమ్ముడి మొహం పాలిపోయింది. మా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఎంతకి దిగావురా?"

"అది అడక్కూడదని మీరే అన్నారు కదా బావా."

"నేర్పింది నేనే, అడిగేదీ నేనే. చెప్పు."

"మూడొందల నలభై."

పనికి పోటీ వచ్చాడని కోప్పడతాడు అనుకున్నాను. కోప్పడ్డాడు కానీ అందుకు కాదు. "నీకేమైనా బుర్ర పాడైందా? పోయినేడు ఆ ఆసుపత్రి రికార్డులు మొత్తం ఒక్కటి కూడా తప్పు పోకుండా మార్చింది ఎవడు? వాళ్ళ మనుషులే చేతులెత్తేసిన పని అది. మూడొందల నలభైకి నిన్ను నువ్వు అమ్ముకుంటావా? దీనికా నీకు నేర్పింది?" ఎనిమిది నెలల్లో ఆయన గొంతు అంత లేవడం నేను వినలేదు.

మా తమ్ముడు తల వంచుకుని అంతా విన్నాడు. తర్వాత మెల్లగా, "మీరెంతన్నారు బావా?" అన్నాడు.

మా ఆయన బల్ల మీద లేని మరకని వేలితో తుడుస్తున్నాడు.

"ఆఖరిసారి ఎంతన్నారు?"

"మూడొందల ఇరవై."

మా తమ్ముడు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వాడు చిన్నప్పటి నుంచీ ఏడుపొస్తే అటు తిరుగుతాడు. "నాకు చేయి పట్టుకుని నేర్పిన మనిషి నాకన్నా ఇరవై తక్కువా? అక్కా, నువ్వైనా చెప్పు" అన్నాడు, అటు తిరిగే.

ఇంక మొదలైంది. నేను తప్పుకుంటానని వీడు, కాదు నేను తప్పుకుంటానని ఆయన. మీరు పెద్దవారని వీడు, నీకు ముందుంది జీవితమని ఆయన. నాకు ఓపిక పోయింది.

"ఇద్దరూ తప్పుకోండి. ఆ బీమావాళ్ళ డేటా నేను మోసుకొస్తాను, సంచీ ఇవ్వండి. నా మాట వినండి. ఎవరి రేటు వాళ్ళు చెప్పుకుంటే నేలలోకి దిగిపోతున్నారు. వాడి రేటు మీరు చెప్పండి. ఆయన రేటు నువ్వు చెప్పరా."

"బావకి ఐదొందలు" అన్నాడు మా తమ్ముడు వెంటనే.

"అది రెండేళ్ళ కిందటి మాటరా" అన్నాడు మా ఆయన. కానీ వెనక్కి వాలి కూర్చున్నాడు. చొక్కా చేతులు మడుస్తున్నాడు. లెక్క దొరికితే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. "ఇప్పుడు ఐదొందలు అంటే ఫోన్ పెట్టేస్తారు. మూడొందల ఇరవై అంటే, వీడికి పని రాదేమో, అందుకే చవగ్గా వస్తున్నాడని మొదటి రోజు నుంచీ అనుమానంతో చూస్తారు. ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. ఎక్కడో తెలియాలంటే ఈమధ్య పని దొరికినవాడిని అడగాలి."

"అయితే అడగండి" అన్నాను.

ఇద్దరూ నన్ను చూసిన చూపు, బట్టల్లేకుండా బజారుకి వెళ్ళమన్నట్టు ఉంది. అయినా మా ఆయన పాత టీమ్‌లో పనిచేసిన స్నేహితుడికి ఫోన్ చేశాడు. అతనికి పోయిన నెల కాంట్రాక్టు దొరికింది. ఎలా ఉన్నావు, పిల్లలెలా ఉన్నారు అని చాలాసేపు నీళ్ళు నమిలి, చివరికి అడిగాడు. ఫోన్లోంచి అవతలి గొంతు మాకూ వినపడుతోంది.

"నాలుగొందల ఇరవై. మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదురా, సిగ్గేసి" అన్నాడు ఆ స్నేహితుడు. "నువ్వు అడిగావు కాబట్టి నాకూ కొంచెం తేలిగ్గా ఉంది."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ చాలా మాట్లాడుకున్నారు. ఎన్ని డేటా పట్టికలు ఉంటాయి, ఎన్ని నెలలు పడుతుంది, ఎక్కడ కష్టం. చివరికి నాలుగొందల పాతిక అని తేలింది. "అనుభవంలో మీరూ నేనూ ఒకటా బావా?" అని వీడు నసిగాడు. "ఇది ఆ పని రేటురా, మనుషుల రేటు కాదు. ఎవరు చేసినా ఆ పని విలువ అంతే" అన్నాడు మా ఆయన.

ఏజెంటుకి ముందు మా తమ్ముడు ఫోన్ చేశాడు, అందరం వినేలా స్పీకర్ పెట్టి. నాలుగొందల పాతిక అని చెప్పాడు. పాపం ఏజెంటు తన పాటే పాడాడు. "ఇంకొకాయన మూడొందల ఇరవైకి సిద్ధంగా ఉన్నారు సార్."

"ఆయన మనసు మారిందేమో, ఒకసారి కనుక్కోండి" అన్నాడు మా తమ్ముడు, పక్కనున్న ఇంకొకాయన భుజం మీద చెయ్యేసి.

నిమిషంలో మా ఆయన ఫోన్ మోగింది. ఆయనా నాలుగొందల పాతికే అన్నాడు. మార్కెట్ స్లోగా ఉంది సార్ అన్నాడు ఏజెంటు. "తెలుసు బాబూ, స్లోగా ఉంది కాబట్టే నాలుగొందల పాతిక. లేకపోతే ఐదొందల యాభై చెప్పేవాణ్ణి" అన్నాడు మా ఆయన. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఏజెంటు కంపెనీవాళ్ళని అడిగి చెప్తానన్నాడు.

కంపెనీవాళ్ళు ఇద్దర్నీ ఇంటర్వ్యూ చేశారు. ఇద్దరికీ చొక్కాలు నేనే ఇస్త్రీ చేశాను. ఎవరి చొక్కా బాగా చేశానని మాత్రం అడక్కండి.

బుధవారం మధ్యాహ్నం మా తమ్ముడు గదిలోంచి ఫోన్ పట్టుకుని బయటికొచ్చాడు. దొంగతనం చేసి దొరికినవాడిలా ఉన్నాడు. "నాకొచ్చింది బావా. వాళ్ళ కొత్త సిస్టమ్, ఆసుపత్రిలో నేను చేసినదేనట."

మా ఆయన ఒకటే అడిగాడు. "ఎంతకి?"

"నాలుగొందల పాతిక. ఒక్కటి కూడా తగ్గించలేదు." ఫోన్ బల్ల మీద పెట్టేశాడు. "నేను వద్దని చెప్పేస్తాను. మీరు వెళ్ళండి."

"నువ్వు వద్దంటే నాకిస్తారనుకున్నావా? మూడొందలవాడు ఎవడో దొరుకుతాడు. నోరు మూసుకుని సంతకం పెట్టు" అని వాణ్ణి దగ్గరికి లాక్కుని నెత్తి మీద ఒక్కటిచ్చాడు.

తమ్ముడు సంతోషంగా ఉన్నాడు, నాకూ సంతోషమే. కానీ వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ముందు నిలబడ్డాను. నాకు కావలసింది ఇది కాదు. మా ఆయన వెనకే వచ్చాడు.

"బాధగా లేదా మీకు?" అన్నాను.

"ఎందుకుండదు, ఉంది" అన్నాడు. కడిగిన గిన్నెలు ఒక్కొక్కటే తుడిచి పెడుతున్నాడు. "కానీ ఎనిమిది నెలల్లో నేను చెప్పిన రేటు ఒకళ్ళు ఒప్పుకోవడం ఇదే మొదలు. నా పేరు మీద కాకపోతేనేం."

 అలాంటి మాటలు వింటే నాకు కోపమే వస్తుంది. "మరి రేపటి సంగతి?" అన్నాను విసురుగా.

"రేపు పొద్దున ఆ ఏజెంటుకే ఫోన్ చేస్తాను. నాలుగొందల పాతిక మనిషి ఒకడు ఖాళీగా ఉన్నాడని చెప్తాను."

ఆయన వీపు మీద గట్టిగా ఒక్కటేసి, అక్కడే తల ఆనించి ఏడ్చాను.