చిన్నోడికి తాపని నీళ్ళు

గురువారం పొద్దున పది గంటలకు భువనేశ్వరి వెళ్ళేసరికి చేను ఖాళీగా ఉంది. మంగళవారం ఇదే చేలో రెండు వందల గొర్రెలు, ఒక గుడారం, గుడారంలో విరేచనాలతో వేలాడిపోతున్న ఎనిమిది నెలల పిల్లవాడు ఉన్నారు. ఇప్పుడు పెంటికలు తప్ప ఏమీ లేవు. "అయ్యో, నా మతి మండ!" అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

మందవాళ్ళు ఒక రైతు పొలంలో రెండు రాత్రులే ఉంటారు. గొర్రెల ఎరువు పడ్డాక, ఇంకో రైతు పిలిచిన చోటికి తోలుకుపోతారు. మైలవరం పక్కన పుట్టి పెరిగిన మనిషికి ఈ మాత్రం తెలియదా? తెలుసు. తెలిసీ, తర్వాత ఎక్కడికని అడగకుండా వెళ్ళిపోయింది. ఆమె ఆశా కార్యకర్త. ఆ రోజు జమ్మలమడుగులో మీటింగు ఉంది, ఆలస్యమైతే అందరి ముందూ తిట్లు. పైగా ఆ పిల్లవాడు ఆమె లిస్టులో లేడు. పులివెందుల వైపు పుట్టాడు గనుక అక్కడి లిస్టులో ఉన్నాడు. అక్కడి ఆశాకు ఫోన్ చేస్తే, "ఊర్లో లేరక్కా, గొర్రెల వెంట పోయినారు, నేనేం చేసేది?" అంది. ఇక్కడి నర్సమ్మను అడిగితే, "మన పిల్లోడు కాదు కదమ్మా" అంది. ఎవరి పిల్లవాడో వీళ్ళు తేల్చేదాకా వాడు బతికుండాలి కదా!

అందుకే మంగళవారం తానే నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తెచ్చి నాయనమ్మ అంకాలమ్మ చేతిలో పెట్టింది. "లీటరు నీళ్ళు కాచి చల్లార్చి ఒకటి కల్పు అవ్వా. స్పూనుతో తాపుతానే ఉండు. తల్లిపాలు ఆపొద్దు" అని చెప్పి బస్సుకు పరుగెత్తింది.

ఇప్పుడు కనబడ్డవాళ్ళనల్లా అడుగుతూ గంటన్నర తిరిగింది. ఒకడు తూర్పు అన్నాడు, ఇంకొకడు కాలువ అవతల అన్నాడు. చివరికి కాలువ అవతలే, శనగ కోసిన చేలో మంద కనబడింది.

గుడారం ముందు అంకాలమ్మ ఒక గొర్రెపిల్లను ఒడిలో పెట్టుకుని, దాని దవడ పక్కన వేలు దూర్చి, చిన్న సీసాతో నీళ్ళు పోస్తోంది. పక్కనే చించిన ప్యాకెట్లు పడి ఉన్నాయి. నాలుగూ అక్కడే ఉన్నాయి.

"అవ్వా! ఇవి పిల్లోనికని ఇచ్చినా కదా!"

"ఉప్పునీళ్ళే కదమ్మా. మూడు గొర్రెపిల్లలకు పారుడు తగులుకుంది. తాపకుంటే సస్తాయి. ఇవి మావి గాదు, ఆసామివి. ఒక్కటి సచ్చినా మా జీతంలో పట్టుకుంటాడు."

"మరి చిన్నోడికి?"

"వానికి నీళ్ళు ఆపినా, పాలు గూడా ఆపినా. తాపిందంతా పోతాంటే ఎట్ల తాపేది? పొద్దున్నుంచి పారుడు కట్టుకుంది సూడు." ముసలామె ముఖంలో గెలిచినంత సంతోషం.

కట్టుకోక ఏం చేస్తుంది? లోపల ఏమన్నా మిగిలితే కదా!

భువనేశ్వరి గుడారంలోకి దూరింది. పిల్లవాడి కళ్ళు గుంటలు పడ్డాయి. పొట్ట మీది చర్మాన్ని పట్టి వదిలితే ముడత అలాగే నిలబడిపోయింది. తల్లి లక్ష్మీప్రియ పాలు గట్టిపడిన రొమ్ములను కొంగుతో అదుముకుని కూర్చుంది. "రెండు దినాలాయ అక్కా, ఇయ్యనీలేదు నన్ను" అంది.

"ఒరే దేవుడా!" భువనేశ్వరి బయటికొచ్చి తండ్రి తిరుపాల్ మీద విరుచుకుపడింది. "అన్నా, పారుకునే గొర్రెపిల్లకు నీళ్ళెందుకు తాపుతావు?"

"ఒంట్లో నీళ్ళన్నీ పోతాయి గదా, ఎండి..." అని ఆగిపోయాడు తిరుపాల్. పరుగున లోపలికి పోయి కొడుకును ఎత్తుకున్నాడు.

108కి ఫోన్ చేస్తే ఏ ఊరు, ఏ వీధి, బండి వచ్చే దారి ఉందా అన్నారు. చేనికి వీధి ఎక్కడిది? ఆమె ఫోన్ పెట్టేసి, తెలిసిన ఆటో డ్రైవర్ జమాల్‌ను పిలిచింది. తిరుపాల్ పిల్లవాణ్ణి కాలువ గట్టు దాకా పరుగున మోసుకొచ్చి ఆటోలో తల్లి ఒడిలో పెట్టాడు. అంకాలమ్మ కూడా ఎక్కింది. వెనక మంద అప్పుడే పక్క చేని మిరప మీదికి పోతోంది. ఆటో వైపు, మంద వైపు చూసి, ఏడుస్తూ వెనక్కి పరుగెత్తాడు.

దారిలో తన సంచిలోని ఇంకో ప్యాకెట్ సీసా నీళ్ళలో కలిపి భువనేశ్వరి చుక్క చుక్కగా నోట్లో పోసింది. పోసిన నీళ్ళు పెదవి చివర నుంచి కారిపోయాయి. "మింగురా బంగారూ, ఒక్క గుక్క" అని ప్రొద్దుటూరు దాకా బతిమాలుతూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరు సూదికి నరం వెతుకుతుండగానే ప్రాణం పోయింది. ఆయన చాలాసేపు పిల్లవాడి చెయ్యి వదలలేదు. లక్ష్మీప్రియ ఏడవలేదు, బిడ్డను రొమ్ముకు పెట్టుకుని పాలు పిండుతూ ఉండిపోయింది.

బయట మెట్ల మీద అంకాలమ్మ భువనేశ్వరి చెయ్యి పట్టుకుంది. "నేనే సంపుకుంటినా పాపా?"

భువనేశ్వరి చెయ్యి విదిలించుకుంది. "చెప్పినా కదవ్వా! ఆ పొద్దు అంత చెప్పినా కదా, తాపమని! నా మాట ఎవరన్నా వింటేనా!"

"చెప్పినావు" అంది అంకాలమ్మ. ఆ మాటలో నిష్ఠూరం లేదు, తనకు తెలిసిన పని గురించి చెబుతున్నట్టే ఉంది. "గొర్రెపిల్లకైతే నేను చెప్పి పోనమ్మా. నోరు తెరిచి, గొంతు దిగేదాకా దగ్గరుండి పోస్తా. నువ్వు గూడా ఆ పొద్దు నా కండ్ల ముందర ఒక్క గుక్క వానికి పోసింటే..."

భువనేశ్వరి ముసలామె పక్కన మెట్టు మీద కూలబడి, అంతసేపు ఆపుకున్న ఏడుపు ఏడ్చింది.