జానయ్య అడుగులు

తెల్లారి గోవిందమ్మ వాకిలి ఊడ్చి సాన్పి చల్లేలోపు ఆమె కూతురు ఉప్పలమ్మ లేచి పొయ్యి ముట్టించేది. జొన్నరొట్టెలు తడుతూనే మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకునేది. దొడ్లో బర్రె మెడలోని గంట మోగుతున్నంతసేపు ఫికర్ లేదు. గంట ఆగిందంటే మారుతండ్రి జానయ్య బర్రె పలుపు పట్టుకున్నాడన్నమాట. ఇక ఆయన ఎటు నుంచి వస్తాడో తెలిసేది కాదు.

జానయ్యకు అడుగుల సప్పుడు లేదు. ఆయన చెయ్యి పడిన దేనికీ ఉండేది కాదు. నిండు బిందె పట్టుకొచ్చినా నీళ్లు తొణికిన సప్పుడు వచ్చేది కాదు. మోత్కూర్ పక్కన ఆ చిన్న ఊళ్లో ఇది అందరికీ తెలిసిందే. ఏడ్చి ఏడ్చి పడుకున్న పసిబిడ్డను లేవకుండా ఇంటికి చేర్చాలంటే ఆడవాళ్లు ఆయన్నే పిలిచేవారు.

చిన్నప్పుడు ఆయన దొర ఉండే గడీలో జీతం ఉన్నాడు. దొర పడుకున్నప్పుడు పంకా లాగడం పని. కాలు కదిలిన సప్పుడైతే కొరడా లేచేది. దెబ్బలు తినీ తినీ ఒకనాటికి ఆ సప్పుడే పోయింది. గడీ విడిచి వచ్చినా తిరిగి రాలేదు.

ఉప్పలమ్మ కన్నతండ్రి గత్తర రోగం తగిలి పోయాడు. ఆయన కిర్రుచెప్పులతో వస్తుంటే చేను దగ్గర నుంచే తెలిసేది. తల్లి జానయ్యను మారుమనువాడిన తర్వాత ఆ పిల్లకు ఇల్లంతా చెవులతో వెతుక్కునే జాగా అయింది. తిరగలి దగ్గర పాట పాడుకుంటూ తలెత్తితే ఆయన గడపలో నిలబడి వింటూ ఉండేవాడు. పాట అక్కడే ఆగిపోయేది. ఆయనా వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాడు. ఆయన వచ్చి ఎంతసేపయిందో, ఇంకా ఏమేం విన్నాడో అనుకుంటూ ఆ పిల్ల పొద్దుగూకేదాకా గడప వైపే చూస్తుండేది.

ఆమె దాచుకోవాల్సింది కూడా ఒకటుంది. గుట్ట మీద దొరలకు, నిజాం రజాకార్లకు ఎదురు తిరిగిన సంగపోళ్లు దాక్కుని ఉన్నారు. ఊరి ఆడవాళ్లు వంతులవారీగా వాళ్లకు రొట్టెలు పంపేవారు. గంపలో రొట్టెలు, పైన కొడవలి, గడ్డి. గోవిందమ్మ ఇంటి వంతు వచ్చినప్పుడల్లా ఉప్పలమ్మే పోయేది.

ఒకరోజు గంప ఎత్తుకుని దొడ్డివాకిలి దాటుతుంటే వెనక నుంచి మాట వినపడింది.

"యాడికి?"

ఆమె వెనక్కి తిరిగింది. జానయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు.

"గడ్డికి."

"గడ్డికి పోయెటోళ్లు రొట్టెలు మూటగట్టుకపోతరా?"

ఉప్పలమ్మ గంపను గట్టిగా పట్టుకుంది.

"పక్కూర్ల రజాకార్లు ఇండ్లు తగలవెట్టిన్రు. సంగపోళ్లకు బువ్వ పెట్టిన్రని మనుషులను చెట్లకు కట్టి కొట్టిన్రు. నీకు ఎరికేనా?"

"నాకెరికే. నీకే భయం. గడీకి పోయి ఏమేం చెప్పొస్తున్నవో ఎవలకెరుక. నీ రాకడ పోకడ ఎవలకినవడ్తది?"

ఆయన చెయ్యి లేచింది. చెంప భగ్గుమంది గానీ ఆ దెబ్బకు సప్పుడు లేదు. గోడకు ఇవతలే పిడకలు ఏరుతున్న తల్లి తల కూడా ఎత్తలేదు. ఉప్పలమ్మకు దెబ్బ కంటే అదే ఎక్కువ భయం వేసింది. ఈ మనిషి తనను చంపినా అమ్మకు తెలియదు అనుకుంది.

ఆ వారంలోనే జానయ్య మోత్కూర్ పోయి సంబంధం మాట్లాడి వచ్చాడు. పెళ్లాం చనిపోయిన మనిషి, చెల్క ఉంది, బావి ఉంది.

"దసర దాటంగనె లగ్గం," అన్నాడు అన్నం ముందు కూర్చుని.

"పిల్లకు ఇంకా ఈడెక్కడిది?" అంది గోవిందమ్మ.

"ఈ పిల్ల ఈ ఊర్ల ఉంటె బతకది. ఆ గుట్టకు పోవుడు మానది, నా మాట ఇనది."

ఉప్పలమ్మ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ ఉంది. పిల్ల పీడ వదిలించుకుంటున్నాడు అనుకుంది. మళ్లీ వంతు వచ్చినప్పుడు అమ్మ వద్దంటున్నా గంప ఎత్తుకుంది.

గుట్టకు పోవాలంటే జొన్నచేనులోంచి పోవాలి. చేను తలను మించి పెరిగింది. కింది ఆకులు ఎండి, తగిలితే చాలు గరగరమంటున్నాయి. సగం దూరం పోయేసరికి లారీ సప్పుడు వినపడింది. అది చేను ఒడ్డు దగ్గర ఆగింది. మనుషులు దూకారు. వాళ్లు చేను చుట్టూ నిలబడుతూ ఒకరినొకరు కేక వేసుకోవడం తెలుస్తోంది. ఉప్పలమ్మ కదిలితే కాళ్ల పట్టీలు మోగుతాయి, ఆకులు మోగుతాయి. కదలకపోతే వాళ్లే నరుక్కుంటూ లోపలికి వస్తారు. 

ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు.

కేక గొంతు దాకా వచ్చింది, బయటికి రాలేదు. జానయ్య ఆమె నెత్తి మీది గంప దించి సాలులో పెట్టాడు. చెయ్యి పట్టుకుని నడిచాడు. ఆయన ఒడ్డు వైపే తీసుకుపోతుంటే తనను వాళ్లకు అప్పగిస్తాడని ఆమె నమ్మింది. చెయ్యి గుంజుకుంది. వదల్లేదు. పెనుగులాడుతుంటే జొన్నదంట్లు వంగి లేచాయి, ఒక్కటి కూడా సప్పుడు చేయలేదు. పట్టీలు కాళ్ల మీద ఊగాయి, మోగలేదు. అది చూసి ఆమె గుంజుకోవడం మానింది.

చేను అంచున ఒకడు తుపాకి భుజానికి తగిలించుకుని, అటు తిరిగి బీడీ తాగుతున్నాడు. ఆ పొగ ఆమె ముక్కుకు తగిలింది. అంత దగ్గరగా, వాడి వీపు వెనక నుంచి ఇద్దరూ దాటి వాగులోకి దిగారు. జానయ్య చెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. 

గుట్ట మీద వాళ్లు లారీ దుమ్ము చూసి అప్పటికే వెళ్లిపోయారు. రజాకార్లు చేను తొక్కి, గంప కాల్చేసి పోయారు. తుమ్మపొదల చాటున పొద్దు వాలేదాకా కూర్చుని, అప్పుడు జానయ్య ఆమె చెయ్యి వదిలాడు.

ఇద్దరూ లేచి నడవబోతే ఇసుకలో కరకరమంది. జానయ్య ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. ఇంకో అడుగు వేశాడు. అది ఆయన కాలి కింది సప్పుడే. ఉప్పలమ్మ గులకరాళ్ల మీద నడిచి వచ్చింది. ఆయన చెయ్యి వదిలినా ఆమె పట్టీలు మోగలేదు, రాయి మీద రాయి కదిలిన సప్పుడు కూడా రాలేదు.

ఇంటికి పోతే తలుపు తెరుచుకోలేదు.

"ఎవలు?" అంది లోపల గోవిందమ్మ, అడుగుల సప్పుడు విని.

"నేనే," అన్నాడు జానయ్య.

"నీకు సప్పుడెక్కడిది?"

తలుపు తీశాక ఆమె ఇద్దరి కాళ్లూ చూసింది. కడుక్కోవడానికి నీళ్లు తెచ్చి ఇచ్చింది.

తర్వాత కొన్నాళ్లకే ఇండియా మిలట్రీ వచ్చింది. రజాకార్లు బట్టలు మార్చుకుని మాయమయ్యారు. ఊళ్లో జెండాలు కట్టారు. ఆ జెండాలు వెలిసిపోకముందే అదే మిలట్రీ సంగపోళ్లకు బువ్వ పెట్టిన ఇళ్లు ఏవని అడగడం మొదలుపెట్టింది. తొవ్వలో కనపడ్డ మొగవాళ్లను లారీలు ఎక్కిస్తోంది. భయం ఊరి నుంచి పోలేదు.

ఒక మధ్యాహ్నం జానయ్య పగ్గం పేనుతున్నాడు. తలెత్తితే ఉప్పలమ్మ గడపలో నిలబడి ఉంది. ఆయన చేతిలోని నార జారిపోయింది. అదిరిపడి గోడకు ఒత్తుకున్నాడు.

"ఎప్పటి సంది ఉన్నవు ఆడ?"

"ఇప్పుడే వచ్చిన."

ఆయన ఊపిరి తిప్పుకుంటుంటే ఆమె చూస్తూ నిలబడింది.

"గిట్లనే ఉంటది," అంది మెల్లగా. "నువ్వు వచ్చిన కాడి సంది నాకు దినాం గిట్లనే ఉంటది."

 జానయ్య నార ఏరుకోవడానికి వంగి, ఏరకుండా అట్లాగే ఉండిపోయాడు.

"నాకు దొర పెట్టిండు గీ బాధ," అన్నాడు. "నీకు నేను పెట్టిన."

ఆమె కింది నార ఏరి ఆయన ముందు పెట్టింది.

"అత్తగారింట్ల నీ రాకడ ఇనవడదు. వాళ్లు ఉలిక్కిపడ్డప్పుడల్ల నిన్ను కొడ్తరు. నేను కొట్టినట్టే. కొట్టిన కొద్ది ఇంకా ముదురుతది." లేచి గొంగడి భుజాన వేసుకున్నాడు. "మోత్కూర్ పోయొస్త. లగ్గం వద్దని చెప్పొస్త."

"తొవ్వల మిలట్రోళ్లున్నరు," అంది గోవిందమ్మ లోపల నుంచి.

"చీకటి కాకముందే వస్త."

ఆయన వాకిలి దాటాడు. ధన్ ధన్‌మని అడుగులు. ఇన్నేళ్లు సప్పుడు లేకుండా తిరిగిన మనిషికి కాలు ఎట్లా వేయాలో కూడా తెలియదు. పిల్లలు గంతులేసినట్టు బరువుగా వేస్తున్నాడు. ఉప్పలమ్మ గడపలో నిలబడి విన్నది. వాకిట్లో, సందులో, ఊరి చివర, ఆ సప్పుడు వినపడుతూనే ఉంది. తనకు వినపడుతోందంటే తొవ్వ పొడుగునా అందరికీ వినపడుతుంది.  ఇన్నాళ్లు ఆయనకు భయపడింది. ఆయనకు ఏమవుతుందోనని భయపడటం ఇదే మొదలు.

కొంగు నడుముకు చుట్టి పరుగెత్తింది. బండ్లబాట మలుపులో అందుకుంది. ఆయనకు తెలియలేదు. ముందుకు వచ్చి నిలబడితే మళ్లీ ఉలిక్కిపడ్డాడు.

"నువ్వెందుకు?"

"నీ సప్పుడు వాగు దాంక ఇనవడ్తాంది," అంటూ ఆమె చెయ్యి చాపింది.

ఆయన ఆ చేతిని చూశాడు. కొట్టిన తన చేతిని గొంగడికి తుడుచుకుని, ఆమె వేళ్లు పట్టుకున్నాడు. ఆమె చెయ్యి తగలగానే బాట మీద ఆయన అడుగుల సప్పుడు ఆగిపోయింది. మోత్కూర్ ఇంకా దూరముంది. చెరువు కట్ట మీద డేరాలు వేసుకున్న సిపాయిలు తుపాకులు తుడుచుకుంటూ ఏదో పాట పాడుకుంటున్నారు. కట్ట కింది నుంచి చెయ్యీ చెయ్యీ పట్టుకుని పోతున్న ఇద్దరి వైపు ఒక్కరు కూడా తల తిప్పలేదు.