మాలకొండయ్య నవలకు సన్మానం

ఆత్మకూరులో తనకు సన్మానమని కబురొచ్చినప్పుడే మాలకొండయ్యకు ఒళ్లు మండింది. బర్మా యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లను స్ట్రెచర్ మీద మోసి వచ్చి, ఉదయగిరి బడిలో పంతులుగా చేరి, ఆరేళ్లు కూర్చుని యుద్ధాన్ని అసహ్యించుకుంటూ నవల రాశాడు. అచ్చయి ఏడాదైనా ఊళ్లో పదిమంది చదవలేదు. మొన్న మద్రాసు పత్రికవాళ్లు మెచ్చుకునేసరికి అందరికీ కావలసినవాడైపోయాడు.

సభాధ్యక్షుడు నారాయణయ్య. కరువులో మాడుతున్న కుర్రవాళ్లకు తిండి ఆశ చూపి పటాలంలో చేర్పించిన మనిషి. ఇప్పుడు ఖద్దరు కట్టాడు. చేతిలో ఉన్న నవల చదవడం అటుంచి, అంచులు అతుక్కున్న పుటలైనా ఇంకా కోయలేదు.

"మన మాలకొండయ్య మహావీరుడు. ఎంతమందిని చంపినాడో ఆయన నోటితోనే విందాం," అన్నాడు.

మాలకొండయ్య లేచాడు. "నేనెవుర్నీ చంపలేదు. చచ్చేవాళ్లను మోసినాను. మర్రిపాడు తిరుపాలును గూడా. వాణ్ణి చేర్పించింది మీరే గదా. మూడో అధ్యాయంలో ఉండారు మీరు. పేరు మార్చినానంతే."

నారాయణయ్య సిగ్గుపడతాడనుకున్నాడు. ఆయన మురిసిపోయి, "చూసినారా, నన్ను పుస్తకంలో పెట్టినాడు," అని శాలువా కప్పబోయాడు. దాన్ని కుర్చీ మీద పడేసి మాలకొండయ్య బయటికి నడిచాడు. తిట్టినా అర్థం కాని జాతి అనుకున్నాడు.

మర్నాడు మర్రిపాడు వెళ్లి, మేకలు తోలుకుంటున్న తిరుపాలు తల్లి శీనమ్మను కూర్చోబెట్టి, ఆమె కొడుకు చావు చదివి వినిపించాడు. నవలలో తిరుపాలు ప్రాణం పోతూ రెండు పుటల పొడుగునా యుద్ధాన్ని దుమ్మెత్తిపోస్తాడు.

శీనమ్మ చివరిదాకా విన్నది. "మావోడికి నత్తి గదా అయ్యోరా. ఇంత మాట్లాడినాడా?"

మాలకొండయ్య తల దించుకున్నాడు. "లేదమ్మా. నీళ్లడిగినాడు."

"ఇచ్చినావా?"

"నా దగ్గర లేవు."

శీనమ్మ లేచి కొంగు దులుపుకుంది. "అది రాయకపోతివే," అని, కర్ర అందుకుని మేకల వెనక వెళ్లిపోయింది.

బస్సులో ఆ రెండు పుటలూ మళ్లీ చదువుకున్నాడు. నారాయణయ్య ఉపన్యాసానికీ వీటికీ పెద్ద తేడా కనిపించలేదు. చచ్చినవాడి నోట్లో తన గొప్ప కుక్కినట్టుంది. ఇంటికి రాగానే వాటిని కొట్టేసి, నీళ్ల సంగతి మూడు వాక్యాల్లో రాసి, రెండో ముద్రణలో అలా మార్చమని మద్రాసులోని ప్రచురణకర్తకు పంపాడు.

"ఆ ఉపన్యాసం దగ్గరే పాఠకులు ఏడుస్తున్నారు. తీయడం కుదరదు," అని ప్రచురణకర్త జవాబిచ్చాడు.

"అయితే రెండో ముద్రణే వద్దు," అని మాలకొండయ్య కార్డు రాసి పడేశాడు.